బలిపీఠం దగ్గర గుర్తుకొచ్చే మనిషి

(బడిపంతులుగా, సంఘ పెద్దగా ఊరికి సేవచేసిన మా మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాసం)



ఈ స్మారకోపన్యాసానికి నేను ఎంచుకున్న విషయం తగాదా. మనిషికీ మనిషికీ మధ్య వచ్చేది, అందులోనూ ఒకే బైబిలు చదివి, ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకునేవాళ్ల మధ్య వచ్చేది. మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. ఆయన అరుగుమీద కూర్చుని తగవు తీర్చుకుని వెళ్లినవాళ్లు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారని నాకు తెలుసు. అందుకే ఆయన పేరున మాట్లాడేటప్పుడు ఇంతకన్నా తగిన విషయం నాకు కనిపించలేదు.

ఆయన పద్ధతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. తగాదా పడ్డ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. "నీ బాధ తర్వాత విందాం, ముందు వాడి బాధేమిటో నువ్వు చెప్పు" అనేవారు. చెప్పింది విని ఎదుటివాడు "అవునండీ, అదే నా బాధ" అనేదాకా రెండోమాటకు వెళ్లేవారు కాదు. ఒక్కోసారి దానికే పూట గడిచిపోయేది.

ఒక తగవు నేను దగ్గరుండి చూశాను. అన్నదమ్ములు. గట్టు దగ్గర పేచీ. రెండడుగులు జరిపాడని తమ్ముడు, జరపలేదని అన్న. రెండేళ్లుగా ఎడమొహం పెడమొహం. గుడిలో కూడా ఒకరు కుడివైపు కూర్చుంటే ఇంకొకరు ఎడమవైపు. మాస్టారు ముందు అన్ననే అడిగారు, తమ్ముడి బాధేమిటో చెప్పమని. "ఏముందండీ, రెండడుగుల నేల" అన్నాడాయన. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. "నలుగురిలో పరువు పోయిందని" అన్నాడు అన్న. అదీ కాదన్నాడు తమ్ముడు. అలా మూడు నాలుగు మాటలు అయ్యాక అన్నకు విసుగొచ్చి, "అయితే నువ్వే చెప్పరా" అన్నాడు. తమ్ముడు చాలాసేపు నేలకేసి చూసి, "అమ్మ సమాధి పలకమీద నీ పేరొక్కటే చెక్కించావన్నయ్యా. సమాధుల పండగనాడు నా పిల్లలు చదివి, నాన్నా నీ పేరు లేదేంటి అని అడిగారు" అన్నాడు.

గట్టు సంగతి తర్వాత సర్వేయరు వచ్చి కొలత వేస్తే తేలింది. కొలతతో తేలేది అదొక్కటే. పలక మార్చాలంటే మాత్రం అన్న తన లోపలికి తాను చూసుకోవలసి వచ్చింది. పలక వేయించిన రోజున తమ్ముడు తనకు గుర్తుకు రాలేదా, వచ్చినా పక్కన పెట్టాడా అన్న ప్రశ్నకు సర్వేయరు దగ్గర జవాబు లేదు. ఆ మనిషి దేవుని ఎదుట దాన్ని వెతుక్కున్నాడు, కొత్త పలక చేయించాడు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ సంఘటనలోనే ఉంది. తగాదాలో విశ్వాసి ముందుగా చేయవలసిన పని దేవుని ఎదుట కూర్చుని తన వాటా ఎంతో చూసుకోవటం. ఆ పని చేసినవాడికే ఎదుటివాడి గడప తొక్కే ధైర్యం వస్తుంది. చేయనివాడు గెలిచినా ఒంటరిగానే మిగులుతాడు.

పైకి కనిపించేది, లోపల ఉన్నది

విశ్వాసులకు తగాదాలు రాకూడదని, వస్తే విశ్వాసంలో ఏదో లోపమున్నట్టేనని మనలో చాలామంది అనుకుంటారు. అందుకే తగాదా వస్తే ముందు దాచిపెడతాం. పైకి "వందనాలు బ్రదర్" అంటూనే లోపల లెక్కలు కడుతూ ఉంటాం. లేఖనాలు మాత్రం తగాదాలను దాచలేదు. పౌలు, బర్నబా విడిపోయిన సంగతి లూకా అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయంలో రాసిపెట్టాడు.

వాళ్లిద్దరి మధ్య ఉన్న అనుబంధం చిన్నది కాదు. పౌలు మారుమనస్సు పొంది యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులంతా అతన్ని చూసి భయపడ్డారు. నమ్మి, చెయ్యి పట్టుకుని అపొస్తలుల దగ్గరకు తీసుకువెళ్లినవాడు బర్నబా. తర్వాత తార్సు దాకా వెళ్లి, వెతికి, అంతియొకయ సంఘానికి అతన్ని పిలుచుకొచ్చిందీ బర్నబాయే. మొదటి సువార్త ప్రయాణం ఇద్దరూ కలిసి చేశారు. సున్నతి విషయంలో యెరూషలేములో పెద్దల సభ జరిగినప్పుడు ఇద్దరూ ఒకే పక్షాన నిలబడి మాట్లాడారు. సంఘాన్ని రెండుగా చీల్చగల ఆ సమస్య పరిష్కారమైంది. తిరిగి వచ్చి మరో ప్రయాణానికి సిద్ధమవుతుండగా, ఒక కుర్రవాడిని వెంట తీసుకువెళ్లాలా వద్దా అన్న దగ్గర తీవ్రమైన వాదం వచ్చి వేరైపోయారు.

ఆ కుర్రవాడు మార్కు అనే యోహాను. మొదటి ప్రయాణంలో పంఫూలియ ప్రాంతంలోని పెర్గే దగ్గర వాళ్లను వదిలి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు. మధ్యలో వదిలేసి వెళ్లినవాడిని మళ్లీ తీసుకెళ్లటం సరికాదని పౌలు అన్నాడు. ఇంకో అవకాశం ఇద్దామని బర్నబా అన్నాడు. పౌలు చెప్పిందీ న్యాయమే, పరిచర్యలో బాధ్యత ముఖ్యం. బర్నబా చెప్పిందీ న్యాయమే, తప్పిపోయినవాడికి రెండో అవకాశం లేకపోతే సువార్తకు అర్థమేముంది? అందుకే కాబోలు ఎవరిది తప్పో లూకా తేల్చలేదు.

ఆ వాదం వెనక ఇంకేముందో కొంత మనం చూడగలం. కొలొస్సయులకు రాసిన పత్రిక ప్రకారం మార్కు బర్నబాకు దగ్గరి బంధువు. అంటే బర్నబాకు అది పరిచర్య సమస్య మాత్రమే కాదు, ఇంటి సమస్య కూడా. ఇక గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో మరో సంగతి ఉంది. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనం చేయటం మానేసినప్పుడు పౌలు అందరి ముందూ అతన్ని నిలదీశాడు. ఆనాడు బర్నబా కూడా పేతురు వెంట జారిపోయాడని పౌలు రాశాడు. ఆ మాట రాసేటప్పుడు కూడా అతని మనసులో బాధ ఉందనిపిస్తుంది. నన్ను చెయ్యిపట్టి తీసుకొచ్చినవాడే అలా చేశాడా అన్న బాధ. మార్కు విషయంలో అంత తీవ్రత రావటానికి అదీ ఒక కారణమేమోనని వ్యాఖ్యాతలు కొందరు అంటారు. కారణం అదైనా కాకపోయినా, మన ఇళ్లలో జరిగేది మాత్రం సరిగ్గా ఇదే. ఇవాళ్టి మాటకు ఇవాళ్టి కోపమొక్కటే రాదు. పాత పద్దులన్నీ అందులో కలుస్తాయి.

ఆ కథ అక్కడితో ముగియలేదు. బర్నబా మార్కును తీసుకుని కుప్రకు వెళ్లాడు, పౌలు సీలను తీసుకుని సిరియ, కిలికియ దేశాలకు వెళ్లాడు. ఏళ్లు గడిచాక పౌలు ఖైదులో ఉండి రాసిన పత్రికల్లో మార్కు పేరు మళ్లీ కనిపిస్తుంది. కొలొస్సయులకు రాస్తూ, అతను వస్తే చేర్చుకోమన్నాడు. ఫిలేమోనుకు రాస్తూ తన జతపనివారిలో ఒకడిగా చెప్పాడు. తిమోతికి రాసిన రెండో పత్రిక చివర, మార్కును వెంటబెట్టుకుని రమ్మని, అతను తన పరిచర్యకు పనికివస్తాడని రాశాడు. ఒకప్పుడు పనికిరాడన్నవాడినే కావాలని అడిగాడు. ఆ మధ్య గడిచిన ఏళ్లలో మార్కు మారి ఉండవచ్చు. పౌలు కూడా మారాడని నేను నమ్ముతున్నాను. ఒక మనిషి గురించి మనం ఒకసారి ఇచ్చిన తీర్పును మనమే తిరగరాయటం చిన్న విషయం కాదు. లోపలికి చూసుకునే అలవాటు ఉన్నవాళ్లే ఆ పని చేయగలరు.

లోపలికి చూసుకోవటం ఎలా?

ఆత్మపరిశీలన అనే మాట మనం ప్రసంగాల్లో తరచూ వింటాం. ప్రభువు బల్లకు ముందు ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలని పౌలు కొరింథీయులకు రాశాడు గనక ప్రతి నెలా వింటాం. ఎలా పరీక్షించుకోవాలో మాత్రం మనకు ఎవరూ విడమరచి చెప్పరు. కళ్లు మూసుకుని "ప్రభువా, తెలిసీ తెలియక చేసిన పాపాలు క్షమించు" అనేసి లేచిపోతాం. పేరు లేని పాపం ఒప్పుకోవటం సులువు. ఎవరి పట్ల, ఏ రోజున, ఏ మాట అన్నామో చెప్పుకోవటమే కష్టం.

క్రైస్తవ చరిత్రలో దీన్ని ఒక రోజువారీ సాధనగా నేర్పినవారిలో ఇగ్నేషియస్ లొయోలా ముఖ్యుడు. స్పెయిన్ దేశస్థుడు, యుద్ధంలో కాలు విరిగి మంచంపట్టిన కాలంలో మనసు మార్చుకున్న సైనికుడు. 1548లో అచ్చయిన ఆయన 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథంలో ఈ పద్ధతి ఉంది. ముందు దేవుడు చేసిన మేళ్లకు కృతజ్ఞత చెప్పుకోవాలి. తర్వాత తన తప్పును చూసే వెలుగు ఇమ్మని అడగాలి. ఆ తర్వాత గంట గంటా రోజును వెనక్కి తిరిగి చూడాలి. క్షమాపణ కోరాలి. రేపటికి ఒక తీర్మానం చేసుకోవాలి. కృతజ్ఞత ముందు, తప్పు తర్వాత అన్న ఈ వరసలో గొప్ప వివేకం ఉంది. దేవుడు తనను ప్రేమిస్తున్నాడన్న నమ్మకం ఉన్నవాడే తన తప్పును నేరుగా చూడగలడు. ఆ నమ్మకం లేనివాడికి తప్పు ఒప్పుకుంటే తన బతుకే కూలిపోతుందన్నంత భయం వేస్తుంది, అందుకే చివరిదాకా వాదిస్తూనే ఉంటాడు. క్రీస్తులో విశ్వాసం తగాదాకు పనికొచ్చేది ఇక్కడే. నా విలువ ఈ వాదంలో గెలుపు మీద ఆధారపడి లేదని అది నాకు చెబుతుంది.

ఎవరితోనైనా మనసు విరిగినప్పుడు ఆ రాత్రి ప్రార్థనలో వేసుకోదగిన ప్రశ్నలు నాలుగు చెబుతాను.

మొదటిది: అతను చేసిన పని ఏమిటి, దానికి నేను అంటగట్టిన ఉద్దేశం ఏమిటి? "పెళ్లికి పిలవలేదు" అన్నది జరిగిన పని. "మమ్మల్ని తక్కువ చేయాలనే పిలవలేదు" అన్నది నేను చేర్చిన మాట. మన తగాదాల్లో సగం రెండో వాక్యం మీదే నడుస్తాయి.

రెండోది: ఈ తగాదా వల్ల నాకేం దొరుకుతోంది? ఈ ప్రశ్న గుచ్చుకుంటుంది. అన్యాయానికి గురైనవాడిగా పదిమంది చూపించే జాలి ఒక్కోసారి తియ్యగానే ఉంటుంది. తగాదా తీరితే ఆ జాలి పోతుంది. అది పోవటం నాకు ఇష్టం లేదేమో చూసుకోవాలి.

మూడోది మాస్టారి ప్రశ్న: అతని ఫిర్యాదును అతను ఒప్పుకునేలా నేను చెప్పగలనా?

నాలుగోది: నా ప్రార్థనలో అతని పేరు ఎలా వస్తోంది? "ఫలానా సహోదరుడి కఠిన హృదయాన్ని మార్చు ప్రభువా" అంటున్నానా, లేక అతని పిల్లల చదువు కోసం, అతని మోకాళ్ల నొప్పి తగ్గటం కోసం అడుగుతున్నానా? అతని అవసరాలు నాకు తెలియకపోతే నేను అతనితో పోట్లాడుతున్నానే గాని అతన్ని ఎరగను.

ఇతరుల తప్పు చూడటంలో మన కళ్లు ఎంత చురుకో నాతాను ప్రవక్తకు బాగా తెలుసు. ఊరియా భార్యను తీసుకుని, ఊరియాను యుద్ధంలో చంపించిన దావీదు దగ్గరకు ఆయన నేరుగా నింద తీసుకువెళ్లలేదు. మందలెన్నో ఉన్న ధనవంతుడు, పేదవాడు బిడ్డలా పెంచుకున్న ఒకే ఒక్క గొర్రెపిల్లను లాక్కున్న కథ చెప్పాడు. దావీదు మండిపడి ఆ ధనవంతుడికి మరణశిక్ష తగునన్నాడు. అప్పుడు నాతాను ఆ మనిషివి నువ్వేనన్నాడు. ఎవరి తప్పు మీద మనకు మితిమీరిన కోపం వస్తోందో అక్కడ ఆగి, ఆ తప్పు నా ఇంట్లో ఏ రూపంలో ఉందో వెతుక్కోవటం మంచిది.

వెళ్లటం, ఎవరి దగ్గరకు ముందు?

కొండమీద ప్రసంగంలో యేసు చెప్పిన ఒక సంగతిని మనం సరిగ్గా చదవం. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతున్న మనిషికి ఒక సహోదరుడు గుర్తుకొస్తాడు. ఆ సహోదరుడి మీద ఇతనికి కోపమున్నట్టు ప్రభువు చెప్పలేదు. ఇతని మీద ఆ సహోదరుడికి ఏదో బాధ ఉందని చెప్పాడు. అర్పణను అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడి రమ్మన్నాడు. ఆ మాట గలిలయలో విన్నవాళ్లకు బలిపీఠమంటే యెరూషలేము దేవాలయంలో ఉన్నదే. గలిలయ నుంచి అక్కడికి కాలినడకన రోజుల ప్రయాణం. అంత దూరం వచ్చినవాడు అర్పణ వదిలి వెనక్కి వెళ్లాలంటే ఎంత పనో వాళ్లకు తెలుసు. ఆరాధనకన్నా ముందు జరగాల్సిన పని ఒకటుందని ప్రభువు అలా తేల్చి చెప్పాడు. మనవైతే చాలావరకు నాలుగు వీధుల దూరాలు.

మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో వరస ఇంకా స్పష్టంగా ఉంది. సహోదరుడు తప్పు చేస్తే ముందు నువ్వూ అతనూ ఏకాంతంగా మాట్లాడుకోవాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. మనం ఈ వరసను తలకిందులు చేశాం. ముందు సంఘమంతటికీ తెలుస్తుంది. తర్వాత దగ్గరివాళ్లు ఒకరిద్దరు పార్టీలు కడతారు. ఏకాంతంగా మాట్లాడుకోవటం మాత్రం ఎన్నటికీ జరగదు. పైగా దీనికి మనం ఒక పవిత్రమైన పేరు కూడా పెట్టుకున్నాం, ప్రార్థన అవసరత అని. "ఫలానా కుటుంబం కోసం ప్రార్థన చేయండి, వాళ్లింట్లో ఏం జరుగుతోందంటే" అని వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశం ప్రార్థన కాదు. అది చాడీ.

ఈ వరస తప్పితే ఎంత మంచివాళ్ల మధ్యనైనా ఏం జరుగుతుందో నాలుగో శతాబ్దం చివర కనిపించింది. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోలో అగస్టీను, బేత్లెహేములో జెరోము. ఇద్దరూ సంఘ చరిత్రలో మహా పండితులు, బైబిలును లాటిన్‌లోకి తెచ్చినవాడు జెరోము. పౌలు పేతురును అంతియొకయలో నిలదీసిన ఘట్టానికి జెరోము చెప్పిన వ్యాఖ్యానం అగస్టీనుకు నచ్చలేదు. సుమారు 395లో ఆ సంగతి మీద మర్యాదగానే ఉత్తరం రాశాడు. ఉత్తరం పట్టుకెళ్లవలసిన మనిషి బిషప్పుగా ఎన్నికై ప్రయాణం మానుకున్నాడు, తర్వాత చనిపోయాడు. అగస్టీను మరో ఉత్తరం రాశాడు, అదీ సమయానికి చేరలేదు. ఇటలీలో మాత్రం దాని నకళ్లు చేతులు మారాయి. బేత్లెహేములో ఉన్న జెరోముకు తన మీద వచ్చిన విమర్శను తనకన్నా ముందు పదిమంది చదివారని తెలిసింది. అగస్టీను పేరు సంపాదించుకోవటానికి తన మీద పుస్తకం రాసి రోముకు పంపాడనే మాట ఆయన చెవిన పడింది. ముసలితనంలో తనను రెచ్చగొట్టవద్దని ఘాటుగా జవాబిచ్చాడు.

అప్పుడు అగస్టీను చేసిన పని మనకు పాఠం. తాను పుస్తకమేదీ పంపలేదని వివరించాడు. అక్కడ ఆగిపోకుండా, తన ఉత్తరంలో జెరోమును నొప్పించిన మాట ఉంటే అందుకు క్షమాపణ అడిగాడు. జెరోముకూ ఆయన పాత మిత్రుడు రుఫీనుకూ మధ్య స్నేహం ఎలా పగగా మారిందో తలుచుకుని దుఃఖించాడు. అయితే లేఖన వ్యాఖ్యానం విషయంలో తన అభిప్రాయాన్ని మాత్రం వదులుకోలేదు. సత్యం మీద నిలబడటం, మనిషిని నొప్పించినందుకు వంగటం, రెండూ చేశాడు. క్రమంగా వాళ్ల మధ్య గౌరవం పెరిగింది. పెలగియు అనే బోధకుడి సిద్ధాంతాన్ని ఎదిరించే రోజులొచ్చేసరికి ఒకరికొకరు తోడుగా నిలిచారు. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసుకోలేదు. ఉత్తరాలతోనే విరిగింది, ఉత్తరాలతోనే అతికింది.

క్షమాపణ గురించి ఇక్కడే ఒక మాట. "నా వల్ల నీకేమైనా బాధ కలిగి ఉంటే" అనే క్షమాపణలో చేసిన పని పేరు ఉండదు. "తప్పే చేశాను, కానీ నువ్వు కూడా" అనే క్షమాపణలో 'కానీ' దగ్గరే మొత్తం చెల్లిపోతుంది. నేను చేసినదాన్ని దాని పేరుతో చెప్పి, అక్కడ ఆగాలి. నా వాటా పదో వంతే కావచ్చు. ఆ పదో వంతుకు పూర్తిగా నేనే బాధ్యుణ్ని. మిగతా తొమ్మిది వంతుల సంగతి అతనూ దేవుడూ చూసుకుంటారు.

క్షమించటం, నమ్మటం, కలిసి ఉండటం

క్షమించమంటే చాలామంది భయపడతారు. క్షమిస్తే మళ్లీ అతన్ని ఇంట్లోకి రానివ్వాలా, మళ్లీ డబ్బు చేతికివ్వాలా అని అడుగుతారు. ఆదికాండము ఈ విషయంలో మంచి వివేకం నేర్పుతుంది.

తనను అమ్మేసిన అన్నలు ఐగుప్తుకు ధాన్యం కోసం వచ్చినప్పుడు యోసేపు వెంటనే తానెవరో చెప్పలేదు. వాళ్లు మారారో లేదో చూశాడు. బెన్యామీను దొంగగా పట్టుబడినట్టు కనిపించినప్పుడు, తమ్ముడికి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోమని యూదా ముందుకొచ్చాడు. ఒకప్పుడు తమ్ముణ్ని అమ్మేద్దామన్నవాడు ఈ యూదాయే. అప్పుడు యోసేపు ఏడ్చి తన్ను తాను తెలియజేసుకున్నాడు. క్షమాపణ ఒక్క క్షణంలో ఇవ్వగలం. నమ్మకానికి మాత్రం ఎదుటివాడి నడతలో ఆధారం కావాలి. ఇంకో సంగతి కూడా ఆ కథలో ఉంది. యాకోబు ఐగుప్తులో 17 ఏళ్లు బతికి చనిపోయాడు. తండ్రి పోయాక అన్నలకు మళ్లీ భయం పట్టుకుంది, ఇప్పుడు యోసేపు పగ తీర్చుకుంటాడేమోనని. క్షమాపణ పొందినవాళ్లకు కూడా అది లోపలికి ఇంకటానికి అంత కాలం పట్టింది. యోసేపు విసుక్కోకుండా మళ్లీ ఓదార్చాడు.

యాకోబు, ఏశావుల కథ మరో రకం. అన్నను కలవబోయే ముందు రాత్రి యాకోబు యబ్బోకు రేవు దగ్గర ఒంటరిగా మిగిలి తెల్లవారేదాకా పెనుగులాడాడు. మర్నాడు కుంటుకుంటూ వెళ్లి ఏడుసార్లు నేలకు వంగాడు. ఏశావు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత ఏశావు శేయీరుకు వెళ్లాడు, యాకోబు సుక్కోతుకు వెళ్లాడు. సమాధానపడ్డారు, వేరువేరుగానే ఉన్నారు. తండ్రి ఇస్సాకును పాతిపెట్టినప్పుడు మాత్రం ఇద్దరూ వచ్చారు. వేరు కాపురం పెట్టుకున్న అన్నదమ్ములు, పంపకాలు చేసుకున్న కుటుంబాలు ఇందులో అపరాధభావం లేకుండా బతికే దారి చూడవచ్చు. ఒకే కప్పు కింద ఉండటం ప్రేమకు కొలత కాదు.

ఆత్మపరిశీలన పేరుతో చేయకూడనిది

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. నేను ఇంతవరకు చెప్పిన మాటలను ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడబిడ్డ మీద ప్రయోగించే హక్కు ఎవరికీ లేదు. "నీలో లోపం ఏముందో చూసుకో అమ్మా, సహించు, ప్రార్థన చెయ్యి, భర్త మారతాడు" అని చెప్పి ఆమెను అదే ఇంటికి తిరిగి పంపిన పెద్దలు మన సంఘాల్లో ఉన్నారు. అది ఉపదేశం కాదు, అన్యాయంలో భాగం పంచుకోవటం. దెబ్బ తిన్నవారిని చూసుకోమని చెప్పవలసింది వాళ్ల గాయాలను, వాళ్ల భద్రతను. లోపలికి చూసుకోమని చెప్పవలసింది చెయ్యెత్తినవాడికి.

సహోదరుడితో ఏకాంతంగా మాట్లాడమని చెప్పిన అదే మత్తయి పద్దెనిమిదో అధ్యాయం, చిన్నవారిని అభ్యంతరపరిచేవాడికి మెడకు తిరుగలిరాయి కట్టి సముద్రంలో ముంచటమే మేలన్న తీవ్రమైన హెచ్చరికను అంతకుముందే ఇస్తుంది. బలహీనుల్ని కాపాడటం ముందు, సమాధానం తర్వాత. మన దేశంలో గృహహింస నుంచి మహిళల రక్షణకు 2005లో చట్టం వచ్చింది. ఆ చట్టం సహాయం తీసుకునే స్త్రీ విశ్వాసం తక్కువైనది కాదు. ఆమె వెంట పోలీసు స్టేషను దాకా వెళ్లగలిగిన సంఘ పెద్దే నిజమైన పెద్ద.

సంఘం లోపలి తగాదాలు

ఇళ్ల సంగతి అలా ఉంచి సంఘాల సంగతి చూద్దాం. మనలో ఎన్ని సంఘాలు ఎన్నికల మీద, ఆస్తుల మీద, కుర్చీల మీద కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. పక్కవాళ్లు వేలెత్తి చూపితే మొహం చెల్లని పరిస్థితి. దీనికి మందు మౌనంగా ఉండటం అని కొందరు అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను.

మన తెలుగు నేల మీదే సేవచేసిన ఒక మహానుభావుడు చూపిన దారి వేరు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. 1909లో అప్పటి నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు సువార్తికుడిగా వచ్చి, తెలుగు నేర్చుకున్నాడు. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వేదిక ముందు ఉన్నవాళ్లలో అత్యధికులు పాశ్చాత్యులు. భారతదేశంలో విదేశీ మిషనరీకీ, దేశీయ సేవకుడికీ మధ్య పని సంబంధం ఉందిగాని స్నేహం లేదని ముప్ఫై అయిదేళ్ల అజరయ్య అక్కడ నిలబడి చెప్పాడు. మీరు ఎంతో త్యాగం చేశారు, అందుకు మేం కృతజ్ఞులం, మాకు ఇంకొకటి కావాలి, స్నేహితులు కావాలని అడిగాడు. సభలో చాలామందికి ఇబ్బందిగా తోచింది.

ఆ ప్రసంగంలో నేను గమనించిన విషయాలు మూడున్నాయి. ఫిర్యాదును వీపు వెనక కాక మొహం మీద చెప్పాడు. వాళ్లు చేసిన మేలును మరుగుపరచకుండా చెప్పాడు. చెప్పాక సంఘాన్ని విడిచి పోకుండా అందులోనే ఉండి పనిచేశాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా డోర్నకల్‌లోనే సేవచేశాడు. 1919లో తరంగంబాడిలో సంఘాల ఐక్యత కోసం జరిగిన సమావేశంలో ముందున్నవాళ్లలో ఆయన ఒకడు. ఆ ప్రయత్నం 28 ఏళ్లకు, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. ఆ రోజు చూడటానికి ఆయన లేడు. సమాధానం కోసం పనిచేసేవాళ్లలో చాలామంది ఫలితం చూడకుండానే వెళ్లిపోతారు. అయినా పని ఆపకూడదు.

ఇది స్మారక సభ గనక, మరో స్మారక ప్రసంగాన్ని తలుచుకుంటాను. జాన్ వెస్లీ, జార్జ్ విట్‌ఫీల్డ్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పటి నుంచి స్నేహితులు. దేవుడు కొందరినే రక్షణకు ముందుగా ఏర్పరచుకున్నాడా అన్న సిద్ధాంతం మీద 1739, 1740ల్లో అచ్చులోనే ఒకరినొకరు ఖండించుకున్నారు. 1741 నాటికి ఉద్యమమే చీలింది. తర్వాత మెల్లగా స్నేహం తిరిగి కుదిరింది, సిద్ధాంతభేదం మాత్రం పోలేదు. తాను చనిపోతే స్మారక ప్రసంగం వెస్లీయే చేయాలని విట్‌ఫీల్డ్ కోరుకున్నాడు. 1770 సెప్టెంబరు 30న విట్‌ఫీల్డ్ అమెరికాలో కన్నుమూశాడు. నవంబరు 18న లండన్‌లో, విట్‌ఫీల్డ్ అనుచరులతో నిండిన సభలో వెస్లీ లేచి ఆ ప్రసంగం చేశాడు. అతని స్నేహశీలం గురించి ఎంతో ప్రేమగా చెప్పాడు. ఒకప్పుడు మనం పోట్లాడిన మనిషి, తన గురించి చివరి మాట మన నోట రావాలని కోరుకునేంతగా మనం బతకగలిగితే, ఆ విశ్వాసం నిజమైనది.

మాస్టారిని గౌరవించే పద్ధతి ఆయన ఫోటోకు దండ వేయటంతో ముగియకూడదు. వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంది. ఈలోగా మీలో ప్రతి ఒక్కరూ, ఇప్పుడు నేను మాట్లాడుతుండగా మనసులో మెదిలిన ఆ ఒక్క మనిషి గురించి దేవుని ఎదుట కూర్చోండి. మీ వాటాను దాని పేరుతో ఒప్పుకోండి. తర్వాత మధ్యవర్తులు లేకుండా, ఫోనులో కాకుండా, ఒక్కరే వాళ్లింటికి వెళ్లండి. వాళ్లు తలుపు తీయకపోవచ్చు. తీసినా మాట్లాడకపోవచ్చు. ప్రభువు మనల్ని వెళ్లమన్నాడు, ఫలితానికి పూచీ మన మీద పెట్టలేదు. ఎవరింట్లోనైనా హింస ఉంటే మాత్రం ఒంటరిగా వెళ్లకండి, సంఘాన్ని వెంట తీసుకెళ్లండి. పెద్దలను నేను ప్రత్యేకంగా అడుగుతున్నాను: ముందు మీరు వెళ్లండి. మీరు వెళ్లారని తెలిస్తే ఈ ఊళ్లో పిల్లలకు సమాధానం గురించి వేరే ప్రసంగం అవసరం లేదు.